శనివారం ఆకలి

నాకు గుర్రాల పిచ్చి అని మా ఊరంతా అంటుంది. శుద్ధ అబద్ధం. గుర్రమంటే నాకు ఏనాడూ ఇష్టం లేదు. దగ్గరికెళ్తే కంపు కొడుతుంది, పళ్ళు ఇకిలిస్తే మా పెద్ద మేనత్త గుర్తొస్తుంది. నా తగువు గుర్రంతో కాదు. నన్ను తీసుకెళ్ళి గుర్రం ముందు నిలబెట్టే వాటితో. ఈ ముక్క ఎంతమందికి చెప్పానో, ఎంతమంది నవ్వారో నాకు గుర్తుంది. ఎవరెవరు నవ్వారో, ఏ వరసలో నవ్వారో కూడా గుర్తుంది.

మాది మా తాతలు ఓడెక్కి కూలికొచ్చిన దీవిలో, రివియేర్ దు రాంపార్ వైపు చెరకు ఊరు. అప్పటికింకా దొరల పాలనే. పగలు చక్కెర మిల్లు మరమ్మతు షెడ్డులో పని చేసేవాణ్ణి, సాయంత్రం గుడి పక్క హాల్లో పిల్లలకు తెలుగు అక్షరాలు చెప్పేవాణ్ణి. ఇళ్ళలో అందరం ఈ దీవి భాష క్రెయోల్‌లోనే మాట్లాడుకుంటాం. తెలుగు దేవుడి దగ్గరా, చుట్టాల పిలుపుల్లోనూ కాస్త మిగిలింది. ఆ మిగిలిన కాస్తా పోకుండా చూడమని పెద్దలు నాకు అప్పజెప్పారు. జీతం లేదు, గౌరవం మాత్రం ఉండేది.

గుర్రప్పందేలు దీవి రాజధాని పోర్ట్ లూయిస్‌లో, కొండల కింద ఉన్న పెద్ద మైదానంలో, శనివారాల్లో జరిగేవి. మాకు చలికాలం ఏడాది మధ్యలో వస్తుంది, అప్పుడు మొదలైతే ఏడాది చివరిదాకా సాగేవి. ఆదివారం నుంచి శుక్రవారం దాకా నాలాంటి నెమ్మదస్తుడు ఊళ్ళో ఇంకొకడు లేడు. ఆరు రోజులు బుద్ధిగా ఉన్నవాడికి ఏడో రోజు ఏదో అవుతోందంటే, తప్పు మనిషిలో ఉందా, ఆ రోజులో ఉందా? గుడి పంతులుగారిని నిలదీసి అడిగాను. ఆయన గంట వాయించుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నన్నడిగితే సగం నేరం బస్సుది. వారం మధ్యలో నేను అదే బస్సెక్కి, అదే దారిలో, మిల్లు పని మీద పోర్ట్ లూయిస్ వెళ్ళి మర్యాదగా తిరిగొచ్చేవాణ్ణి. శనివారం మాత్రం ఆ బస్సు వేరు. ఎక్కగానే పందేల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టే చప్పుడు. ఎవడి జేబులోనో పెన్సిల్ ముక్క. పాంప్లెమూస్ తోట దాటేవరకూ నేను కిటికీలోంచి చెరకు చూస్తూ, ఇవాళ సంతలో టమాటాలు కొనుక్కుని వచ్చేద్దామని నిజంగానే అనుకునేవాణ్ణి. తోట దాటాక, తల మీద గుండ్రాయి పెట్టుకున్న కొండ కనబడుతుంది. ఆ రాయి కనబడటం, నా అరచేతుల్లో చెమట పట్టడం ఒకేసారి జరిగేవి. కొండ మీది రాయికీ నా చేతులకీ ఏమిటి సంబంధమని మిల్లు డాక్టరుని అడిగాను. ఉప్పు తగ్గించమన్నాడు.

తర్వాత వాసన. మైదానం గేటు బయట మూకుళ్ళు పెట్టి గాతో పిమా వేయిస్తారు. పప్పు రుబ్బి పచ్చిమిరపకాయలు వేసి చేసే వడలు అవి, మన వడలకు దగ్గర చుట్టాలు. ఆ నూనె వాసన ముక్కుకి తగిలితే నా చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్ళేది. కొన్నాళ్ళకు ఇదెంతవరకు వచ్చిందంటే, గుడిలో దేవుడికి వడలు వేయిస్తున్నా నా చెయ్యి జేబులోకి వెళ్ళేది. హుండీలో వేస్తానని పక్కవాళ్ళు ఆశగా చూసేవారు.

అన్నిటికంటే పెద్దది ఆకలి. మొట్టమొదటిసారి పందేనికి వెళ్ళినరోజు నేను ఏమీ తినలేదు, తినడానికి తీరిక దొరకలేదు. ఆ రోజు ఒక బూడిదరంగు గుర్రం నన్ను గెలిపించింది. ఇక అప్పట్నుంచి శనివారం మొదటి పందెం అయ్యేదాకా పచ్చినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని నాకు నేనే పెట్టుకున్నాను. ఆ బూడిద గుర్రం తర్వాత గెలిచినవాటి పేర్లు చెప్పమంటే నాకు ఒక చేతి వేళ్ళు చాలు. ఉపవాసం మాత్రం ఎన్నేళ్ళయినా తప్పలేదు. భక్తిలో నన్ను మించినవాడు ఆ మైదానంలో లేడు.

ఒక శనివారం మా ఇంట్లో గోవిందుడి పూజ పెట్టుకున్నాం. మా ఆవిడ నన్ను పోర్ట్ లూయిస్ సంతకు పంపింది, కొబ్బరికాయలూ తమలపాకులూ తెమ్మని. ఉదయం బస్సుకి, పరగడుపున, ఏకంగా శనివారంనాడు పంపింది! నేను దీపాల వేళకి తిరిగొచ్చాను. చేతిలో సంచీ ఉంది, సంచీలో ఏమీ లేదు. చుట్టాలందరూ చాప మీద కూర్చుని ఉన్నారు. కొబ్బరికాయ లేకుండానే హారతి ఇచ్చారు పంతులుగారు. మా బావ, అంటే మా ఆవిడ అన్న, లాల్మతీ నుంచి వచ్చినవాడు, అందరికీ వినబడేలా అడిగాడు.

"బావా, కొబ్బరికాయలు ఏ సువాల్ తినేసింది?"

సువాల్ అంటే క్రెయోల్‌లో గుర్రం. పిల్లలతో సహా అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే పుట్టింటికి లాల్మతీ వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఒక్క మాట చెప్పింది.

"ఈ సీజన్ అంతా ఆ మైదానంలో అడుగు పెట్టకుండా ఉండు. వస్తాను. పెట్టావంటే నా కుట్టుమిషను కోసం ఒక్కసారి వస్తాను, ఫినీ, అంతే."

కుట్టుమిషను ఇంట్లోనే ఉంది. అది ఉన్నంతకాలం ఆమె తిరిగి వచ్చే దారి ఉన్నట్టే. నేను రోజూ దాని మీద దుమ్ము తుడిచేవాణ్ణి.

అప్పుడు పెద్దలు కూడి నాకు మందు ఆలోచించారు. నన్ను అడగలేదు. గుడిలో భజన బృందం ముందు, నా విద్యార్థుల ముందు, పంతులుగారు నా మణికట్టుకి పసుపుతాడు కట్టి, పైకి చూసి గట్టిగా అన్నారు. "గుర్రాల వెనక తిరిగే ఈ గాడిదని కాపాడు స్వామీ!" మంత్రాల్లో అలాంటిది లేదు. నేను పుస్తకం తీసి చూశాను. ఆ తర్వాత మొక్కు చెప్పారు. ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండాలి, సూర్యాస్తమయం దాకా ఏమీ తినకూడదు, కోరిక పుట్టినప్పుడల్లా గోవింద అనాలి.

శనివారం. ఒక్కపొద్దు. నేను నోరు తెరిచాను.

"పంతులుగారూ, ఇంకో రోజు పెట్టుకుంటే..."

"గోవిందుడికి శనివారం ప్రీతి నాయనా. నీ కోసం ఆయన మంగళవారానికి మారతాడా?"

జనం మళ్ళీ నవ్వారు. నేనింకేం చెప్పను? పొట్ట ఖాళీగా ఉంటే నాకు మైదానం కనబడుతుందని అంతమంది ముందు చెబితే, తిండికి సాకు వెతుకుతున్నాడంటారు. మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. జూదగాడిని మాన్పించడానికి, జూదానికి ముందు వాడు ఏం చేస్తాడో సరిగ్గా అదే మొక్కుగా పెట్టారు, పైన పసుపుతాడు కట్టారు.

మొదటి శనివారం తెల్లవారగానే కడుపులో ఆ పాత మంట మొదలైంది. గోవింద అన్నాను. ఖాళీ కడుపుతో గోవింద అంటే, మొదటి పందెం గంట ముందు నేను ఎప్పుడూ అనుకునే గోవిందే అది. మరింత మండింది. గాలికోసమని బస్సు స్టాండుదాకా నడిచాను. ఊరికే నిలబడదామనుకున్నాను. ఊరికే ఎక్కాను. పాంప్లెమూస్ రాగానే, ఇంకో నిమిషంలో ఆ కొండ కనబడుతుందని తెలిసి, బస్సు ఆగకముందే దూకేశాను. మోకాలు చీరుకుపోయింది. తోటలోకి వెళ్ళి, తాంబాళాల్లాంటి ఆకులు తేలే ఆ కొలను గట్టున సాయంత్రందాకా కూర్చున్నాను. తోటమాలి ఒకడు మూడుసార్లు వచ్చి, పువ్వులు కోసుకుపోతానేమోనని నన్ను అనుమానంగా చూసి వెళ్ళాడు. ఆ రోజు నేను చేసిన యుద్ధం ఎవరికీ తెలియదు. ఎవరూ మెచ్చుకోలేదు.

రెండో శనివారం నేను దూకలేదు.

మైదానంలో మధ్య గడ్డిమీద నిలబడి ఉండగా, వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది. మా బావ. చెవి మీద పెన్సిల్, చేతిలో కాగితం, కాగితం మీద గీతలు.

"అయో బావా! నువ్వా? తాడు కట్టించుకుని మరీ వచ్చావే!"

"నువ్వెందుకొచ్చావు?"

"నువ్వొస్తావేమో చూద్దామని."

"ఆ పెన్సిల్ ఎందుకు?"

"నువ్వొస్తే రాసుకుందామని," అన్నాడు కన్నార్పకుండా. ఆ మనిషి తర్వాతి పందెంలో గెలిచాడు. గెలిచి, ఆ సంతోషంలో లాల్మతీ వెళ్ళి నా సంగతి చెప్పాడు. ఆయన అక్కడ ఏం చేస్తున్నాడని ఆ ఇంట్లో ఒక్కరైనా అడిగారా? అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఆదివారం ఉదయం మా ఆవిడ వచ్చింది. వెనక ఒక కూలివాడు, చేతిలో తాడు. మిషను కోసమే వచ్చింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నాకు క్షమాపణ అడగడం రాదు, ఫిర్యాదు చెయ్యడమే వచ్చు. అందుకని ఫిర్యాదు చేశాను. బస్సు మీద, కొండ మీద, పంతులుగారి మీద, వాళ్ళన్న మీద. ఆమె అంతా విని, కూలివాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, నా ఎదురుగా పీట వేసుకుంది.

"అందరూ నిన్ను ఎందుకు పోతావని అడిగారు. నాకది అక్కర్లేదు. ఎప్పుడు మొదలవుతుంది?"

"ఏది?"

"నీకు పోవాలని ఎప్పుడనిపిస్తుంది? లేచిన దగ్గర్నుంచి చెప్పు. మెల్లగా చెప్పు."

ఇన్నేళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. చెప్పాను. లేవడం, నీళ్ళు తాగడం, కడుపులో మంట, కాగితం చప్పుడు, గుండ్రాయి, నూనె. ఆమె మిరపకాయలు ఏరుతున్నంత శ్రద్ధగా ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుంటూ వింది. హాల్లో పాఠాల పట్టిక సంగతి కూడా చెప్పాను. పిల్లలు "గు, గుర్రం" అని అరిచినప్పుడల్లా నా గుండె ఒక దూకు దూకేదని. అప్పుడు మాత్రం ఆమె మూతి బిగించింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు. అది కూడా నేను మర్చిపోలేదు.

"అయితే నీకు ఆకలేస్తే గుర్రాలు కనబడతాయి. వీళ్ళు నిన్ను పస్తు పడుకోబెట్టారు," అంది.

కూలివాణ్ణి పంపేసింది. మిషను మాత్రం గోడవైపుకి తిప్పిపెట్టింది. ఈ సీజన్ అయ్యేదాకా దాని మీద కుట్టనని, ఇంకొక్కసారి అడుగు పెడితే దాన్ని మళ్ళీ ఇటు తిప్పడం ఉండదని చెప్పింది.

తర్వాతి శనివారం ఇంకా బాగా తెల్లవారకముందే నా ముందు కంచం పెట్టింది. అన్నం, పప్పు, బ్రింజెల్ కూర, అంటే మన వంకాయే. వడలు లేవు. నేను మణికట్టు చూపించాను.

"మొక్కు?"

"మాంజే. తిను. మొక్కు సంగతి నేను చూసుకుంటా."

తిన్నాను. రెండోసారి వడ్డించింది. మూడోసారి వడ్డించింది. అంత తిన్నాక నాకు గుర్రం కాదు, ఏనుగు కనబడ్డా లేచే ఓపిక లేదు. ఆమె గుడికి వెళ్ళి పంతులుగారికి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆయన మధ్యాహ్నం మా గుమ్మం ముందు నిలబడి అరిచింది మాత్రం వీధంతా విన్నారు.

"శనివారంనాడు మూడుసార్లు అన్నమా! దేవుడంటే భయం లేదా అమ్మా?"

"దేవుడు మంగళవారం కూడా ఊళ్ళోనే ఉంటాడు కదా పంతులుగారూ. మా ఆయన ఒక్కపొద్దు ఆ రోజు ఉంటాడు. మీరు భోంచేశారా?"

పంతులుగారు భోంచెయ్యలేదు. వంకాయ కూర మంచి వాసన వస్తోంది. ఆయనకు శనివారం ఒక్కపొద్దు. కాసేపు ఆ గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మంగళవారం గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

నేను అడిగినప్పుడు జనం నవ్విన కోరికే అది. ఆమె అడిగితే జరిగిపోయింది. రాసి పెట్టుకున్నాను.

బస్సు విషయంలో కూడా ఆమె తీర్పు ఇచ్చింది. శనివారం నేను ఎక్కేది పోర్ట్ లూయిస్ బస్సు కాదు, లాల్మతీ వైపు వెళ్ళేది. అక్కడ మా అత్తగారి పెరడు ఉంది. పెరట్లో పని ఉంది. ఎన్ని శనివారాలు ఆ మట్టి తవ్వానో, ఎన్ని గోతుల్లో టమాటా నారు వేశానో! అత్తగారు అరుగు మీద కూర్చుని, "అల్లుడూ, ఆ మూల మిగిలిపోయింది" అనేవారు. అల్లుడి జబ్బు తగ్గడం మాటేమోగాని ఆవిడకు ఉచితంగా ఒక పాలేరు దొరికాడు. ఆ ఏడాది వాళ్ళింట్లో కూరగాయలు కొన్న పాపాన పోలేదు. మా ఇంటికి ఎన్ని పంపారని అడగకండి.

హాల్లో గుర్రం బొమ్మ మీద మా ఆవిడ కాగితం అంటించి గుడి బొమ్మ గీసింది. పిల్లలు మొదటి రోజే దాన్ని గోటితో లేపి చూశారు. లేపినవాడి చెవి నేను లేపాను.

సీజన్ అయిపోయింది. మిషను ఇటు తిరిగింది. ఇంకో రెండు సీజన్లు కూడా గడిచాయి. అంతా అంత సాఫీగా ఏమీ లేదు. ఒకసారి సంతలో పరాయివాడెవడో కాగితాన్ని నాలుగు మడతలు పెడితే, నేను చేపల గంప వదిలేసి వాడి వెనక రెండు వీధులు నడిచాను. అలాంటప్పుడు నేను చెయ్యవలసింది ఒకటే. ఇంటికొచ్చి ఆమెతో "ఇవాళ మొదలైంది" అని చెప్పాలి. ఆమె "ఎక్కడ?" అని అడిగేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

అప్పుడొచ్చింది స్వాతంత్ర్యం. మార్చి నెలలో, మధ్యాహ్నం వేళ, దొరల జెండా దించి మా జెండా ఎక్కిస్తారన్నారు. ఎక్కడ? ఈ దీవిలో ఇన్ని మైదానాలు ఉన్నాయి, సముద్రం ఒడ్డున ఎంతో చోటుంది. సరిగ్గా ఆ పందేల మైదానంలోనే. ఎవరిమీదైనా ఫిర్యాదు పెట్టుకోవచ్చేమో కనుక్కున్నాను. అలాంటి కాగితం ఏదీ లేదన్నారు.

తెలుగు బడి పిల్లల్ని తీసుకెళ్ళాలి. పంతులు నేనే. ఇంతమంది పిల్లలకు జెండాలు ఎక్కడ దొరుకుతాయంటే మా ఆవిడ మూడు వారాలు మిషను మీద కూర్చుని ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ గుడ్డ ముక్కలు కలిపి నలభై జెండాలు కుట్టింది. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"మార్చిలో పందేలు ఉండవు కదా," అన్నాను.

"ఉండవు."

"అయితే భయమేముంది?"

"నేనేమన్నాను? నేనూ వస్తున్నాను. నాకు జెండా చూడాలనుంది."

ఆ రోజు కడుపునిండా తిని బయల్దేరాను. బస్సులో పందేల కాగితం లేదు, పిల్లలు పాడుతున్నారు. పాంప్లెమూస్ దాటింది. గుండ్రాయి కనబడింది. అరచేతులు తడిశాయి. పిల్లల పాట గట్టిగా అందుకున్నాను. గేటు దగ్గర మూకుళ్ళు వరసగా పెట్టారు, దేశమంతా వడలు తింటోంది. లోపల జనం, ఎండ, గడ్డి. గడ్డి అదే గడ్డి. నలభై జెండాలు నా చుట్టూ ఊగుతుంటే, ఇలాంటి నాలుగు రంగుల చొక్కా వేసుకున్న జాకీ ఉంటే వాడి గుర్రం తప్పకుండా గెలుస్తుంది కదా అనిపించింది.

మా బావ పక్కనే ఉన్నాడు. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"బావా, జెండా ఎక్కాక ఎటు ఎగురుతుందంటావు? కొండవైపా, సముద్రంవైపా?"

ఆయన వేలు తడిచేసి గాలి చూశాడు. "కొండవైపు. కోంబియేన్? ఎంత కడతావు?"

నా చెయ్యి జేబులో ఉంది. జేబులో పిల్లల తిరుగుబస్సు డబ్బుల మూట. నేను దాని ముడి విప్పేశాను. విప్పుతున్నట్టు నాకు తెలియదు, వేళ్ళకే తెలుసు. నలభైమంది పిల్లలు ఆ ఎండలో ఊరిదాకా నడుస్తున్నట్టు ఒక్క క్షణం కనబడింది, అయినా వేళ్ళు ఆగలేదు. మా ఆవిడ ముందు వరసలో ఒక పిల్లకు జడరిబ్బను కడుతోంది. ఆమె భుజం తట్టాను.

"మొదలైంది," అన్నాను.

ఆమె రిబ్బను వదిలేసింది. "ఎక్కడ?"

"జేబులో."

మూట తీసుకుని, మాతో వచ్చిన గుడి పంతులుగారి చేతిలో పెట్టింది, పిల్లల్ని చూసుకోమంది. మా బావ "అయో చెల్లీ, జెండాకి ఇంకా పది నిమిషాలే ఉంది!" అన్నాడు. ఆమె విననట్టు నా మణికట్టు పట్టుకుని, ఎదురొస్తున్న జనంలోంచి తోసుకుంటూ గేటు బయటికి నడిపించింది. ఎవడో "జనం అటు పోతుంటే వీళ్ళు ఇటేంటి" అన్నాడు. వాడి ముఖం నాకు గుర్తుంది.

రెండు వీధుల అవతల మూసేసిన కొట్టు మెట్లు ఉన్నాయి. "అసిజ్ లా," అంది మెట్టు చూపిస్తూ. కూర్చున్నాను. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. కాసేపటికి మైదానంవైపునుంచి కేక లేచింది. అంత పెద్ద కేక ఆ మైదానంలో నేనెప్పుడూ వినలేదు. చివరి మలుపులో రెండు గుర్రాలు సమానంగా వస్తున్నప్పుడు కూడా వినలేదు. నా కాళ్ళు లేచాయి. ఆమె నా చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. మళ్ళీ కూర్చున్నాను. కేక చాలాసేపు ఆగలేదు. ఆమె అటే చూస్తోంది. అటు గోడే ఉంది.

జెండా ఎటు ఎగిరిందో మా బావ సాయంత్రమే చెప్పాడు, నేను అడగకుండానే. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కొట్టు మెట్ల మీద కూర్చున్న తెలుగు పంతులు అని నన్ను ఇప్పటికీ అంటారు. ఎవరెవరన్నారో అన్నీ నా దగ్గర ఉన్నాయి. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. నలభై జెండాలు కుట్టిన మనిషి, ఆ రోజు పైకెక్కిన జెండాను చూడలేదు, నా వల్ల. ఆ మాట ఒక్కసారి, కోపంలోనైనా, కూరలో ఉప్పు తక్కువైందని నేను సతాయించినప్పుడైనా అంటుందేమోనని ఎన్నేళ్ళుగానో కాచుకుని ఉన్నాను. అంటే తిరిగి అనడానికి నా దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. ఆమె అనదు.